లేయ్‌పాయూస్తోని జున్ను అనొచ్చా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఫిన్లాండ్ వంటల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయాను. లేయ్‌పాయూస్తో. లేయ్‌పా అంటే రొట్టె, యూస్తో అంటే చీజ్. ఆవుపాలను రెన్నెట్ వేసి గడ్డకట్టించి, తేట వార్చేసి, పళ్లెమంత బిళ్లగా నొక్కి సెగకు కాలుస్తారు. రొట్టె మీద పడ్డట్టే గోధుమరంగు మచ్చలు పడతాయి, పేరు అందుకే. నమిలితే పళ్ల కింద కిర్రుకిర్రుమంటుంది. మన పనీర్‌లాగే, వేడి చేసినా కరిగి తీగలు సాగదు.

దేశానికి ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్, కైనూ, పడమటి తీరాన ఆస్త్రోబోత్నియా దీని పుట్టిళ్లు. ముక్కలు కోసి కప్పులో వేసి, పైన వేడి కాఫీ పోసుకుంటారు. కాఫీ తాగేసి, అడుగున మెత్తబడ్డ ముక్కల్ని చెంచాతో తింటారు. లేదా కాస్త వెచ్చచేసి, చిత్తడి నేలల్లో పండే నారింజరంగు క్లౌడ్‌బెర్రీ జామ్‌తో. 'రొట్టెజున్ను' అని రాశాను. జున్ను వేరు, చీజ్ వేరని మిత్రుడొకరు కొట్టిపారేశారు. మీరేమంటారు?

జవాబు: మీ మిత్రుడిదే రైటండీ. మా ఇంట్లో గేదె ఈనితే జున్నుపాలు, బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి ఆవిరి మీద పెడతాం. రెన్నెట్ లేదు, నొక్కడం లేదు. ఆ పాలు వేడికే గడ్డకడతాయి. మొదటిపూట పాలైతే మామూలు పాలు కలపకపోతే రాయే.

జవాబు: అక్కా, చీజ్‌కి జున్ను అనడం నిన్నా మొన్నా వచ్చింది కాదు. తెలుగు బైబిలులో దావీదు సైన్యాధికారికి ఇవ్వడానికి తీసుకెళ్లినవి పది 'జున్నుగడ్డలు'.

జవాబు: 'పాలవిరుగుడు' అంటే గొడవ ఉండదుగా?
జవాబు: ఉంటుంది తమ్ముడూ. తినేదానికి విరుగుడని పేరు పెడితే, విషం ఏదని అడుగుతారు.

జవాబు: నేను ఏడేళ్లుగా ఫిన్లాండ్‌లోనే ఉంటున్నా. అసలు సంగతి ఎవరూ పట్టుకోలేదు. పూర్వం ఈ చీజ్‌ని చేసింది అప్పుడే ఈనిన ఆవు పాలతోనే, అంటే మన ముర్రుపాలతోనే. వాళ్లు తెర్నిమాయితో అంటారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది మామూలు పాలది. ఆ లెక్కన జున్ను అన్న మాట పొరపాటున కాదు, సరిగ్గానే పడింది. కాకపోతే ముర్రుపాలను పొయ్యిలో పెట్టి గడ్డకట్టించే వంటకం ఒకటి వేరే ఉంది, ఊనియూస్తో, 'పొయ్యి చీజ్'. మన జున్నుకు తోబుట్టువు అది. స్వీడన్‌లో దాన్ని కల్వ్‌డాన్స్, 'దూడ నాట్యం' అంటారు. ఈ పేరు వింటే నాకు ఎంత అసూయో! మనం ఈనిన ఇంట్లో ఇన్ని తరాలుగా తింటూ ఇంత మంచి పేరు పెట్టుకోలేకపోయాం.

మాటల వరస కూడా చూడండి. ఫిన్నిష్‌లోనూ తెలుగులోలాగే అసలు వస్తువు చివర్న వస్తుంది. మనకు రొట్టెపిండి అంటే పిండి, పిండిరొట్టె అంటే రొట్టె. వాళ్లకూ లేయ్‌పాయూస్తో అంటే చీజే. తిప్పి యూస్తోలేయ్‌పా అన్నా కొందరికి ఇదే వస్తువు, కానీ చీజ్ పెట్టిన బ్రెడ్ ముక్కనీ అలాగే అంటారు. కాబట్టి 'జున్నురొట్టె' అనకండి, బేకరీ సరుకనుకుంటారు.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ, ఇది నాకు తట్టనే లేదు. మరి యూస్తో అసలు ఫిన్నిష్ మాటేనా?

జవాబు: కాదు. జెర్మానిక్ భాషల నుంచి చాలా పాతకాలంలో తెచ్చుకున్నది. స్వీడిష్‌లో చీజ్‌ని 'ఊస్త్' అంటారు, రెంటికీ మూలం ఒకటే. స్వీడన్ ఉత్తరాన ఇదే చీజ్‌ని కాఫీలో వేసుకుని 'కాఫె ఊస్త్' అంటారు.

జవాబు: అంటే కాఫీజున్ను! ఇదే పెట్టేయండి మాస్టారూ.

జవాబు: పెట్టండి, కానీ బ్రాకెట్లో 'బెల్లం వేయరు' అని రాయండి. లేకపోతే మా అత్తయ్య ఫిల్టర్ కాఫీలో జున్ను వేసి నన్ను తిడుతుంది.

మొదట అడిగినవారు: శీర్షికలో లేయ్‌పాయూస్తో, లోపల మొదటిసారి 'కాల్చిన రొట్టెజున్ను'. కాఫీ పేరా వచ్చినప్పుడు మాత్రం కాఫీజున్ను. వ్యాసం రేపు పంపేస్తున్నా.