‘దూకుడు’ తగ్గించాలా? పోకర్‌లో ఒక మాట గురించి

ప్రశ్న: పోకర్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. పదే పదే పందెం పెంచే ఆటను ‘దూకుడు’ అంటున్నాను. ఎదుటివాళ్లు ముక్కలు పడేయకుండా ప్రతి పందేనికీ డబ్బు కట్టే రకమైతే ‘దూకుడు తగ్గించాలి’ అని రాశాను. సరిగ్గా ఉందా?

జవాబు: మాట బాగుందండీ. వాక్యమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. పోకర్ దూకుడులో రెండు వేర్వేరు పనులున్నాయి. చేతిలో ఏమీ లేకుండా పెద్ద పందెం కాసి అవతలివాణ్ణి తప్పుకునేలా చేయడం మొదటిది. దీనికి ‘దబాయింపు’ చక్కగా సరిపోతుంది. ‘బుకాయింపు’ అని కొందరు రాస్తారు గానీ, నాకు నచ్చదు. బుకాయించేవాడు ఉన్నదాన్ని లేదంటాడు, ఇక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తున్నాం. మంచి ముక్కలు పడ్డప్పుడు పందెం పెంచి డబ్బు రాబట్టడం రెండోది.

దబాయింపు బెదిరేవాడి మీదే పనిచేస్తుంది. అందరి పందేలూ కలిసి మధ్యలో 100 పోగై ఉండగా ఉత్తి చేతితో 100 కాస్తే, అవతలివాడు సగానికి మించిన సార్లు తప్పుకుంటేనే లాభం. 50 కాసినా, మూడింట ఒక వంతు కన్నా ఎక్కువసార్లు తప్పుకోవాలి. ఎప్పుడూ తప్పుకోనివాడి దగ్గర ఈ లెక్క కుదరదు. అందుకే ఆ పని దాదాపు మానేయాలి. రాబట్టడం మాత్రం ఇంకా పెంచాలి! చిన్న జతలతో కూడా వాళ్లు డబ్బు కడతారు కనుక, మామూలుగా వెనకాడే చోట కూడా పెద్ద జతతో ధైర్యంగా, కాస్త ఎక్కువే కాయవచ్చు. ‘దూకుడు తగ్గించాలి’ అని చదివినవాడు ఈ పందేలు కూడా మానేస్తాడు. అసలు లాభం ఉన్నదే అక్కడ. ‘దబాయింపు మానాలి, రాబట్టడం పెంచాలి’ అని విడదీసి రాయండి.

ప్రశ్న: ఫ్లష్‌కు (ఒకే గుర్తున్న ఐదు ముక్కలకు) ఒక్క ముక్క తక్కువైనప్పుడు కాసే పందెం ఎందులోకి వస్తుంది?

జవాబు: ‘సగం దబాయింపు’ అనవచ్చు. చేతిలో రెండు, బల్ల మీద నాలుగు ముక్కలు కనబడి, ఇక ఒక్క ముక్కే తెరవాల్సి ఉంటే, కనబడని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, అంటే దాదాపు 20 శాతం. అవతలివాడు తప్పుకోడని తెలిస్తే మిగిలేది ఆ 20 శాతమే కనుక, పందెం లేకుండా ముక్క చూసే వీలుంటే అదే మేలు.

వ్యాసంలో ఇంకొకటి కూడా చేర్చండి. ఇంతసేపూ ఊరికే కడుతూ వచ్చినవాడు ఉన్నట్టుండి తానే పెంచితే, అది చాలావరకు దబాయింపు కాదు. మన దగ్గర ఒక్క జతే ఉంటే తప్పుకోవాల్సింది మనమే.