నాన్నగారి పాత సీడీ: తెలుగు ఫైళ్లు తెరుచుకోవట్లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారమండీ. మేం చెన్నైలో, పెరంబూరులో ఉంటాం. నాన్నగారు 2004 ప్రాంతంలో రాసిన వ్యాసాలను డీటీపీ చేయించి ఒక సీడీలో దాచారు. వచ్చే నెల ఆయన సంవత్సరీకం. ఆలోగా చిన్న పుస్తకం వేయించి చుట్టాలకు పంచాలని అమ్మ కోరిక. వర్డ్ ఫైళ్లు తెరిస్తే తెలుగే లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. పుస్తకం పేజీలు అమర్చే పేజ్‌మేకర్ ఫైళ్లయితే తెరుచుకోవడమే లేదు. కాపీ చేసుకుని, పేరు చివర పీఎండీ తీసేసి పీడీఎఫ్ అని పెట్టి చూశాను. ఫైల్ పాడైందంటోంది. రిచీ స్ట్రీట్‌లో ఒకాయన డేటా రికవరీకి ఆరు వేలు అడిగాడు. ఇవ్వమంటారా?

జవాబు: అప్పుడే ఇవ్వకండి. ముందు ఆ పేర్లు మళ్లీ పీఎండీగా మార్చేయండి. కందిపప్పు డబ్బా మీద చింతపండు అని రాస్తే లోపల పప్పు పప్పే కదా! సీడీ మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, ఏం చేసినా ఆ కాపీ మీదే చేయండి.

మీ వర్డ్ ఫైళ్లు పాడవలేదు, ఫాంటు లేదంతే. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్ వాడకం పెరగకముందు డీటీపీ వాళ్లు అను లాంటి ఫాంట్లు వాడేవారు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లీషే బయటపడుతుంది. అంతా సెలెక్ట్ చేసి గౌతమి లాంటి యూనికోడ్ ఫాంటు పెట్టినా లాభం లేదు (నేనూ ఒక ఆదివారమంతా ఆ పని చేసినవాణ్ణే). ఆ పిచ్చిరాత మీద క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు ఏం చూపిస్తోందో చూడండి. ఫాంటు మీ దగ్గర లేకపోయినా వర్డ్ పేరు చూపిస్తుంది. అదే ఫాంటు వేసుకుంటే తెలుగు కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చాలంటే కన్వర్టర్ కూడా ఆ ఫాంటుదే కావాలి. మార్చాక ఒత్తులు తప్పుతాయి, అమ్మగారితో ఒకసారి చదివించండి.

పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ సీఎస్6 వెర్షన్ వరకు ఆ ఫైళ్లు తెరిచేది, తర్వాతి వెర్షన్లు తెరవవు. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ కూడా తెరుస్తుంది గానీ పేజీల అమరిక చెదరొచ్చు. నెలే గడువు కాబట్టి, పేజ్‌మేకర్ ఇంకా ఉన్న డీటీపీ సెంటర్‌లో పీడీఎఫ్ చేయించుకోవడం మేలు.

ప్రశ్న: ఫాంటు దొరికిందండీ! నాన్నగారి వాక్యాలు కనబడగానే అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఒక్క ఫైల్ మాత్రం 0 కేబీ అంటోంది.

జవాబు: సంతోషమండీ. ఆ 0 కాపీలోనా, సీడీలోనా? సీడీలోనే 0 అయితే అందులో ఏమీ లేనట్టే. కాపీలో మాత్రమే అయితే సీడీ మీద గీత ఉండొచ్చు. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే రిచీ స్ట్రీట్‌కు వెళ్లండి, అదీ ఆ ఒక్క ఫైల్ కోసమే.

ప్రశ్న: సీడీలో 212 కేబీ చూపిస్తోంది. మా బావగారి పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఉంది, సాయంత్రం తెప్పిస్తున్నాను.