అప్‌డేట్: వేడెక్కాక ఆగిపోతున్న 1965 బీటిల్ - కారణం దొరికింది

పోయిన నెల నేనే అడిగాను, పదకొండేళ్ళు గరాజ్‌లో కదలకుండా ఉన్న 65 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, 1200 సీసీ, 6 వోల్ట్ బ్యాటరీ బండి, స్టార్ట్ అవుతోంది గానీ పదిహేను నిమిషాలు నడిచాక ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతోంది అని. చెప్పినవాళ్ళందరికీ థ్యాంక్స్ అండి, ముఖ్యంగా "ముందు ఇంజిన్ దగ్గర పైపు ఊడదీసి పెట్రోల్ ఎంత వస్తోందో చూడు" అన్న ఆయనకి.

చూస్తే చుక్కలు చుక్కలుగా వస్తోంది! ఈ బండికి ట్యాంక్ ముందు, ఇంజిన్ వెనక కదా, దారంతా వెతకాలి. ఇక్కడ ఆస్టిన్‌లో పాత ఎయిర్‌కూల్డ్ (ఇంజిన్ గాలితోనే చల్లబడే) బళ్ళు రిపేర్ చేసే పెద్దాయన ట్యాంక్ దించి చూపించారు, అడుగున పెట్రోల్ వడకట్టే జాలీ మొత్తం తుప్పు పొడితో మూసుకుపోయింది, దాని కింద రబ్బర్ పైపు లోపల ఉబ్బి దారి సన్నబడిపోయింది. బండి ఆపాక పెట్రోల్ మెల్లగా చేరేది, అందుకే మళ్ళీ స్టార్ట్ అయ్యేది. ట్యాంక్ కడిగించి, జాలీ, రబ్బర్ పైపులన్నీ కొత్తవి వేశాం. వెనక పంప్ దగ్గర పైపు కూడా పగుళ్ళిచ్చి ఉంది, అక్కడ కారితే వేడి ఇంజిన్ మీదే పడి అంటుకుంటుంది, దయచేసి పాత బండి తీసేవాళ్ళు ముందు అదే మార్చండి.

స్పార్క్‌కి సంబంధించిన కాయిల్, కండెన్సర్ నేను అనవసరంగా మార్చాను. బండి కరెంటు 6 నుంచి 12 వోల్ట్‌కి మార్చే పని కూడా పడలేదు.

నిన్న అరవై మైళ్ళు తిప్పాను, ఎక్కడా ఆగలేదు.