గుణింతాలు వచ్చిన పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు, ఎలా చదివించాలి?

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, గుంటూరు):
అందరికీ నమస్కారం. ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో మా వీధి చివరనున్న ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి పిల్లలు ఆరుగురి చేత వారానికి మూడు రోజులు, రోజుకు గంటసేపు తెలుగు చదివిస్తున్నాను. గుణింతాలన్నీ రాగం తీసి ఒప్పజెప్పగలిగిన ఈ పిల్లలే, పాఠంలో ‘పుస్తకం’ అన్న మాట రాగానే ‘పుసకం’ అని చదివి నా ముఖం వైపు చూస్తున్నారు. ఒక అమ్మాయికి పాఠమంతా కంఠతా వచ్చు కానీ, ఆమె వేలు ఒక వరుస మీద ఉంటే నోరు మరో వరుసలో ఉంటుంది. మళ్ళీ ‘అ, ఆ’ల నుంచి మొదలుపెడితే చిన్నబుచ్చుకుంటారేమోనని వెనకాడుతున్నాను. పెద్దలు దారి చూపగలరు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయిని, ఏలూరు):
మీ పిల్లలు ఆరుగురూ ఒకే తరగతి వారే అయినా ఒకే చోట ఆగి ఉండరు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్ళి చూసే, 2005లో మొదలైన అసర్ సర్వేలో చేసినట్లుగా, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకొని అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివించి చూడండి. గుణింతాన్ని వరుసలో అడగవద్దు. ‘కె, తు, మీ, పొ’ అని చెదరగొట్టి చూపితే రాగం సాయం లేకుండా ఎంత వచ్చో తెలుస్తుంది.

ఇక ఒత్తుల సంగతి. ‘క్క, గ్గ, డ్డ’లలో ఒత్తు అసలు అక్షరం పోలికతోనే ఉంటుంది కనుక పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలిక ఉండదు, ‘పుస్తకం’ దగ్గర తడబాటు అందుకే. ఈ ఆరింటినీ పట్టికగా కాక, వాళ్ళు రోజూ పలికే అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్లి అన్న మాటలలోనే చూపండి. నా అనుభవంలో ఇంతకు మించిన మార్గం కనబడలేదు.

జవాబు (స్వచ్ఛంద కార్యకర్త, వరంగల్):
టీచర్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మా వైపు పిల్లలు ‘వస్తున్నాడు’ అని అచ్చులో ఉన్నచోట ‘వస్తుండు’ అని చదువుతారు. అది తప్పని వెంటనే గద్దిస్తే, అర్థం తెలుసుకుంటూ చదివిన పిల్లకే నోరు మూతబడుతుంది. వాక్యం పూర్తి కానిచ్చి, మెచ్చుకొని, ఆ తరువాత అక్షరాల మీద వేలు పెట్టించండి. చదవడానికి పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి కథలు చాలా చిన్నవి కాబట్టి నాలుగో తరగతి పిల్లలు కూడా ఒకే విడతలో ముగించి సంతోషపడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న విడివిడిగా చదివించి చూశాను. నలుగురు ఒత్తుల దగ్గరే ఆగారు. మిగిలిన ఇద్దరికి ‘ప’కూ ‘వ’కూ తేడా తెలియడం లేదని, ఇన్నాళ్ళూ పక్కవారి గొంతు వెంట గొంతు కలుపుతున్నారని నిన్ననే గ్రహించాను. వారిలో ఒకరు పాఠం కంఠతా వచ్చిన ఆ అమ్మాయే. రేపు ఆ ఇద్దరినీ నా పక్కనే కూర్చోబెట్టుకొని, వాళ్ళ పేర్లలోని అక్షరాలతో మొదలుపెడుతున్నాను.