'రిక్తిక' పేరుకే ఖాళీ

మొన్న మెహదీపట్నంలో మా మేనకోడలికి 9వ తరగతి జీవశాస్త్రం చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. వాక్యూల్‌కి తెలుగు 'రిక్తిక'. "రిక్తహస్తాలు అంటే ఖాళీ చేతులు కదా మామయ్యా! మరి ముదిరిన మొక్క కణంలో ఈ ఖాళీ సంచికి 90 శాతం దాకా చోటెందుకు?" అంది. వెంటనే జవాబు తట్టలేదు.

తప్పు తెలుగుది కాదు. లాటిన్‌లో 'వాక్యుయస్' అంటే ఖాళీ. పాత సూక్ష్మదర్శినుల్లో అక్కడ ఏమీ కనబడక ఆ పేరు పెట్టారు. మనవాళ్లు ఆ పొరపాటునూ భద్రంగా అనువదించారు. నిజానికి అందులో నీళ్లు, చక్కెరలు, లవణాలు, ఆమ్లాలు, రంగులు ఉంటాయి. నిమ్మతొన పులుపు అక్కడిదే, బీట్‌రూట్ ఎరుపూ అక్కడిదే. కంద కోస్తే దురద పెట్టించే సూదుల్లాంటి స్ఫటికాలు తయారయ్యేదీ అందులోనే. (కత్తిపీటకు రిక్తికలు లేవు, అందుకే దానికి దురద లేదు!)

పొద్దున రైతుబజార్లో కొన్న కొత్తిమీర కట్ట సాయంత్రానికి వాలిపోతుంది కదా. రిక్తికల్లో నీళ్లు తగ్గి, కణం గోడను లోపలి నుంచి నెట్టే ఒత్తిడి పోతుంది. కాడలు నీళ్లలో పెడితే మళ్లీ నిలబడుతుంది. ఇంత పని చేసేదాన్ని 'రసకోశం' అంటే బాగుండదా?

— (ఒక పాఠకుడి వ్యాఖ్య) వినడానికి బాగానే ఉందండీ. మరి జంతుకణం సంగతి? అక్కడివి చిన్నవి, చాలావరకు అవసరానికి ఏర్పడి పోయేవి. అమీబా ఆహార రిక్తికలో ఉండేది రసం కాదు, మింగిన తిండి. అసలు ఆక్సిజన్‌కి 'ఆమ్లజని' మాత్రం సరైన పేరా? ఆమ్లాలన్నిటికీ అదే మూలమని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే అనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదు. పేరు మాత్రం నిలిచింది.

— (మరొకరి వ్యాఖ్య) నాకైతే 'రిక్తిక' చివర ఆ 'ఇక' ముద్దొస్తుంది, నాళిక, కణిక లాగా. వాక్యూల్‌లోనూ 'చిన్నది' అనే అర్థం ఉంది. మార్చకండి సార్.

— (నా జవాబు) ఆమ్లజని దెబ్బకు నా రసకోశం ఎండిపోయింది! ఒక్కటి గమనించాను. అమీబాలో సంకోచ రిక్తిక, ఒంట్లో చేరిన అదనపు నీటితో నిండి, దాన్ని బయటికి నెట్టేసి ముడుచుకుపోతుంది. ఆ క్షణాన మాత్రం అది నిజంగా రిక్తమే. మేనకోడలికి ఇదంతా చెబితే, "సరే, పరీక్షలో ఏం రాయాలి?" అంది. రిక్తికే రాయమన్నాను.