లూవ్ర్‌లో ఉన్న సేతి శిల్పఫలకాన్ని ఈజిప్టుకు తిరిగి ఇవ్వాలా?

నీలిరేవు:
పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మనిషి కంటే ఎత్తైన సున్నపురాతి ఫలకం ఉంది. దాని మీద హాథోర్ దేవత ప్రాచీన ఈజిప్టును ఏలిన మొదటి సేతి రాజు చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మెనాత్ అనే తన పవిత్ర పూసల హారం అందిస్తుంటుంది. మూడు వేల ఏళ్ళు దాటినా రంగులు పోలేదు. 1828-29 యాత్రలో ఈజిప్టు చిత్రలిపిని ఛేదించిన ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ దీన్ని రాజుల లోయలోని సేతి సమాధి నుంచి కోయించి తెచ్చాడు. తిరిగి ఇచ్చెయ్యాలని నా మాట. మీరేమంటారు?

పాతరాతలు:
ఇవ్వక్కర్లేదండీ. పురావస్తువులు దేశం దాటకూడదని ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా ఉత్తర్వు ఇచ్చింది 1835లో. అప్పటికి ఇది పారిస్ చేరిపోయింది. పైగా 1817లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ తెరిచినప్పటి నుంచి ఆ సమాధికి కష్టాలే. శిల్పాల నకళ్ళ కోసం గోడల మీద అచ్చులు తీసినప్పుడు రంగు ఊడింది, వాన నీళ్ళు లోపలికి దిగాయి. అక్కడే ఉంటే ఈ రంగులు మిగిలేవా? ఈ లెక్కన లండన్‌లోని మన అమరావతి శిల్పాల సంగతేంటి?

నీలిరేవు:
పాతరాతలు గారూ, అమరావతి ఫలకాలు శిథిలమైన దిబ్బను తవ్వితే దొరికినవి. వాటిని కూడా అడగాల్సిందే, కానీ ఇది వేరే. ఇక్కడ నిలిచి ఉన్న గోడనే కోశారు. ద్వారానికి రెండు పక్కలా ఎదురెదురుగా ఉన్న జంటలో ఒకటి షాంపోలియన్ తీసుకుంటే, రెండోది అదే యాత్రలో ఉన్న ఇటలీ పండితుడు రొసెల్లినీ ఫ్లోరెన్స్‌కు పట్టుకెళ్ళాడు. సేతి శవపేటికేమో లండన్‌లో సోన్ మ్యూజియంలో ఉంది. ఒక్క రాజు సమాధి మూడు ఊళ్ళ పాలైంది!

హాథోర్ చీరలాంటి ఆ బిగుతు దుస్తుల మీది అల్లికను దగ్గరగా చూడండి. అది ఉత్త డిజైన్ కాదు, చిత్రలిపి. రాజుకు దీర్ఘకాల పాలన కలగాలని దేవత ఇచ్చే దీవెన. ఆ రాజు దాటాల్సిన గుమ్మం దగ్గర చెక్కిన దీవెనను మ్యూజియం హాల్లో నిలబెడితే సగం అర్థం పోయినట్టే.

అప్పట్లో ఎవరూ తప్పనుకోలేదు అనడం కూడా కుదరదు. అప్పట్లో ఈజిప్టులో పనిచేసిన శిల్పి, చిత్రకారుడు జోసెఫ్ బొనోమీ అభ్యంతరం చెబుతూ షాంపోలియన్‌కు ఉత్తరమే రాశాడు.

ఇసుకగడియారం:
ఇద్దరికీ ఒక మాట. లక్సర్ దగ్గరున్న టెటికి అనే ప్రాచీన అధికారి సమాధి నుంచి పోయిన ముక్కల్ని లూవ్ర్ 2009లో ఈజిప్టుకు అప్పగించింది. కానీ అవి ఈమధ్య కాలంలో దొంగిలించినవి కాబట్టి ఇచ్చారు. సేతి ఫలకానికి ఫ్రాన్స్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చెయ్యాలి. పశ్చిమాఫ్రికా దేశం బెనిన్‌కు 26 వస్తువులు ఇవ్వడానికి 2020లో అలాగే చేశారు. దారి లేకపోలేదు.

పాతరాతలు:
చట్టం మాట ఒప్పుకుంటాను. గోడకు మళ్ళీ అతికిస్తామంటే మాత్రం ఒప్పుకోను, ఆ సమాధి తేమకు, జనం తాకిడికి ఇది తట్టుకోదు.

నీలిరేవు:
గోడకు వద్దు. లక్సర్ మ్యూజియంలో పెట్టమనండి, సమాధికి నది అవతలి ఒడ్డే. పారిస్‌లో నకలు ఉంచుకోవచ్చు. అయితే ఫ్లోరెన్స్ ఫలకాన్ని కూడా కలిపి అడగాలి. జంటలో ఒక్కటే వెళ్తే నేను ఒప్పుకోను.