పీచు ఎక్కువున్న ఆహారానికి మారాక కడుపు ఉబ్బరం: మానేయాలా, కొనసాగించాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఇటీవలి రక్తపరీక్షలో నాకు చక్కెర వ్యాధి వచ్చే సూచనలు ఉన్నాయని తేలడంతో, ఇంటిల్లిపాదీ తెల్లన్నం మానేసి, పొద్దున పాలు పోసి కాచిన రాగిజావ, మధ్యాహ్నం కొర్రన్నం లేదా అండుకొర్రల అన్నం, రాత్రి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టాము. వీటికి తోడు మొలకెత్తిన పెసలు, పచ్చి క్యారెట్, కీరా ముక్కలు కూడా చేర్చాము. ఈ మార్పులన్నీ దాదాపు ఒకేసారి జరిగాయి.

అప్పటి నుంచి నాకు భోజనమైన కొన్ని గంటలకు కడుపు ఉబ్బి బెల్టు వదులు చేసుకోవలసి వస్తోంది. గ్యాస్ వల్ల ఆఫీసులో నలుగురిలో కూర్చోవడం కష్టంగా ఉంది. నా భార్యకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు సరికదా, ఉదయం విరేచనం మునుపటి కంటే సాఫీగా అవుతోందట. అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ పరిస్థితి వేరు. ఆమెకు షుగరు, థైరాయిడ్ రెండూ ఉన్నాయి. పాత మలబద్ధకం తగ్గకపోగా ఇంకా పెరిగింది. రాత్రి ఇసబ్‌గోల్ కూడా వేసుకుంటోంది, అయినా పొట్ట గట్టిపడినట్టు ఉందని అంటోంది.

ఒకే పొయ్యి మీది వంట తింటున్న ముగ్గురికీ ఇంత తేడా ఎందుకు వస్తుంది? ఈ ఆహారం మాకు పడదనుకుని మళ్లీ అన్నానికి మారిపోవాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1

నమస్కారమండి. నేను హైదరాబాద్‌లో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. చిరుధాన్యాలకు మారినవారు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదుల్లో ఉబ్బరమే ముందుంటుంది. దాదాపు అందరి విషయంలోనూ కారణం ధాన్యం కాదు, మారిన వేగం.

మీ ఇంట్లో పీచు ఎంత పెరిగిందో ఒకసారి లెక్క చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పోషక విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉంటుంది. అదే జొన్నల్లోనూ రాగుల్లోనూ 10 నుంచి 11 గ్రాముల దాకా, పొట్టు తీయని పెసల్లో 17 గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు పావు కిలో బియ్యం తినే మనిషికి అన్నం నుంచి వచ్చేది 7 గ్రాములే. అంతే బరువు జొన్నలు తింటే 25 గ్రాములు దాటుతుంది. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది కాబట్టి మీరు వెళ్తున్న దిశ మంచిదే. కానీ ఏళ్ల తరబడి తెల్లన్నానికి అలవాటుపడిన పేగు మీద ఆ మొత్తం ఒక్కసారిగా వచ్చి పడింది.

పీచును అరిగించే ఎంజైములు మన చిన్నపేగులో లేవు. అది అరగకుండానే పెద్దపేగుకు చేరుతుంది, అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఆ క్రమంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వాయువులు పుడతాయి. భోజనమైన వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత మీకు ఉబ్బరం రావడానికి కారణం ఇదే, తిన్నది పెద్దపేగు దాకా చేరడానికి ఆ వ్యవధి పడుతుంది. ఇదే పులియడంలో బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలు కూడా తయారవుతాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఇంధనం బ్యూటిరేటే. అంటే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న గ్యాసూ, మీ పేగుకు మేలు చేస్తున్న ఆమ్లాలూ ఒకే పనిలో నుంచి పుడుతున్నాయి. అందుకే గ్యాస్ వచ్చిందని పీచునంతా మానేయమని నేను ఎవరికీ చెప్పను.

మనిషికీ మనిషికీ తేడా ఎందుకన్నది మంచి ప్రశ్న. పేగులోని సూక్ష్మజీవుల రకాలు, వాటి పాళ్లు ఒకే ఇంట్లోవారికైనా ఒకేలా ఉండవు. మీ భార్యగారు ముందు నుంచీ ఆకుకూరలు, పప్పులు, పండ్లు మీకంటే ఎక్కువగా తినేవారేమో గమనించండి. అలాంటివారి పేగుకు ఈ పని కొత్త కాదు. దానికి తోడు, అంతే గ్యాస్ పుట్టినా కొందరి పేగు నరాలు దాన్ని ఎక్కువ నొప్పిగా గుర్తిస్తాయి. మొత్తం పీచును సగానికి తగ్గించి, వారానికి ఒక పదార్థం చొప్పున పెంచుకుంటూ పోతే, చాలామందిలో కొన్ని వారాల్లో ఉబ్బరం తగ్గుముఖం పడుతుంది.

మీరు రాసినదాంట్లో అనుమానించవలసినది ఇంకొకటి కనిపిస్తోంది. రాగిజావలో పాలు పోస్తున్నామన్నారు. దక్షిణ భారతంలో పెద్దయ్యాక పాలలోని చక్కెరను పూర్తిగా అరిగించుకోలేనివారు చాలామంది ఉన్నారు, ఆ అరగని చక్కెర కూడా పెద్దపేగులో ఇలాగే పులిసి గ్యాస్ అవుతుంది. ఇంతకు ముందు మీరు పొద్దున పాలు తాగే అలవాటు లేనివారైతే, ఒక వారం పాటు జావను పలచని మజ్జిగతో తాగి చూడండి. పీచును నిందించే ముందు తేల్చుకోవలసిన విషయమిది.

సమాధానం 2

గుంటూరు సోదరులకు నమస్కారం. మాది అనంతపురం జిల్లా. రాగిసంగటి, జొన్నరొట్టె మాకు తాతల నాటి తిండి. పైన మేడమ్ గారు శాస్త్రం చెప్పారు కనుక నేను వంటింటి సంగతులు మాత్రం రాస్తాను.

కొర్రలు, అండుకొర్రలను బియ్యంలాగా కడిగి వెంటనే కుక్కర్‌లో పెడితే గింజ లోపల బిరుసుగానే మిగులుతుంది. రాత్రంతా కాకపోయినా కనీసం ఆరేడు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికించాలి. పెసలు, శనగలు, అలసందల విషయంలో నానబెట్టిన నీళ్లు పారబోయడం మరీ ముఖ్యం. పప్పుదినుసుల్లో గ్యాస్ పుట్టించే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కొంతమేరకు ఆ నీళ్లలోకి దిగుతాయి, మొలక కట్టినప్పుడు ఇంకొంత తగ్గుతాయి. అయినా పచ్చి మొలకలు అందరికీ పడవు. ఆవిరి మీద ఉడికించి, కాస్త జీలకర్ర తాలింపు వేసుకుని తినండి. ఉబ్బరం తగ్గేదాకా పచ్చి క్యారెట్ బదులు బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు చేసుకుంటే పొట్టకు తేలికగా ఉంటుంది.

రాగులకైతే జావ కంటే అంబలి మంచిదని నా నమ్మకం. రాగిపిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియనిచ్చి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, చిదిమిన ఉల్లిపాయ కలిపి తాగుతాము. మా ఊళ్లో ఎండాకాలం పొలం పనికి వెళ్లేవారు చెంబు నిండా తాగి వెళ్తారు. మీరు మాత్రం ఉబ్బరం ఉన్నన్నాళ్లూ ఉల్లిపాయ వేసుకోకండి, దానిలోని ఒక రకం పీచు కొందరికి గ్యాస్ పెంచుతుంది.

కొనేటప్పుడు గింజ రంగు చూడండి. తెల్లగా మెరిసేటట్టు పాలిష్ పట్టిన కొర్రల్లో తవుడు పొర పోయి ఉంటుంది, ఆ పొరతో పాటే పీచులో పెద్ద భాగం కూడా పోతుంది.

సమాధానం 3

అమెరికాలో ఉండే తెలుగువారు కూడా ఇది చదువుతుంటారు కనుక ఒక్క మాట చేరుస్తాను. ఇక్కడ ప్రోటీన్ బార్లు, అల్పాహార తృణధాన్యాలు, చివరికి కొన్ని రొట్టెల్లో కూడా షికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ అనే పీచు కలుపుతారు. అది పెద్దపేగులో చాలా వేగంగా పులుస్తుంది, అందువల్ల పప్పు కూర ఏ ఇబ్బందీ పెట్టనివారికి కూడా ఒక్క బారుతో పొట్ట ఉబ్బవచ్చు. డబ్బా మీది పదార్థాల జాబితాలో షికోరీ లేదా ఇన్యులిన్ ఉందేమో చూసుకోవడం మేలు.

సమాధానం 4

నేను విశ్రాంత వైద్యుణ్ణి. మీ సంగతి పైవారు చక్కగా చెప్పారు. నాకు ఆందోళనగా ఉన్నది మీ అమ్మగారి గురించి.

మలబద్ధకానికి పీచు మందు అనే మాట సగమే నిజం. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ శస్త్రచికిత్స నిపుణుడు డెనిస్ బర్కిట్ 1970లలో పీచు ప్రాధాన్యాన్ని ప్రపంచానికి చాటినప్పటి నుంచి ఆ నమ్మకం బలపడింది, తక్కువ పీచు తినే ఆరోగ్యవంతుల విషయంలో అది నిజం కూడా. కానీ పేగు కదలికే మందగించినవారిలోనూ, మలద్వారం వద్ద కండరాలు సరిగా సడలనివారిలోనూ పీచు పెంచితే లోపల పోగయ్యే పరిమాణం పెరుగుతుందే తప్ప బయటికి వెళ్లే దారి సుగమం కాదు. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారిలో కొందరికి జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అలాంటివారికి ముతక పీచు ఎక్కువైతే రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, వికారం కనిపిస్తాయి.

దయచేసి ఈ వివరాలు తెలపండి. అమ్మగారు రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారు? ఇసబ్‌గోల్ ఎలా తీసుకుంటున్నారు? థైరాయిడ్ మాత్రకూ, రాగిజావకూ మధ్య ఎంత వ్యవధి ఉంటోంది? షుగరు మాత్రల్లో వోగ్లిబోస్ లేదా అకార్బోస్ ఉందా? క్యాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతున్నారా?

విరేచనంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకుండా పొట్ట ఉబ్బి నొప్పి పుట్టడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ సమాధానం కోసం ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించండి. చివరి రెండూ కలిసి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారి నుంచి

డాక్టరు గారికి ధన్యవాదాలు. మీరు చెప్పిన ప్రమాద సూచనలేవీ అమ్మకు లేవు. రాత్రి పదేపదే లేవవలసి వస్తుందని సాయంత్రం తర్వాత అమ్మ నీళ్లు దాదాపు ముట్టుకోదు. పడుకోబోయే ముందు ఇసబ్‌గోల్ పొట్టు నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లతో మింగుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్న కాసేపటికే రాగిజావ తాగుతుంది. షుగరు మాత్రలో వోగ్లిబోస్ ఉంది. క్యాల్షియం మాత్ర కూడా ఉంది.

సమాధానం 4 ఇచ్చినవారి నుంచి

చిక్కు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోయింది.

మొదట ఇసబ్‌గోల్ సంగతి. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది, మలాన్ని మెత్తబరిచేది ఆ పట్టుకున్న నీరే. నీళ్లు లేకుండా మింగితే అదే జిగురు గొంతులోనో అన్నవాహికలోనో అడ్డుపడే ప్రమాదం ఉంది, పేగులో గడ్డకట్టి మలబద్ధకాన్ని పెంచనూ వచ్చు. కనుక ఈ రోజు నుంచే ఆ పద్ధతి ఆపించండి. సాయంత్రం ఐదారు గంటల ప్రాంతంలో ఒక చెంచా పొట్టును నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడక ముందే తాగించి, ఆపైన మరో అర గ్లాసు నీళ్లు ఇవ్వండి. అలా చేస్తే రాత్రి లేవవలసిన బెడద కూడా ఉండదు. మింగడంలో ఇబ్బంది ఉంటే మాత్రం ఇసబ్‌గోల్ అసలు వద్దు. గుండె, కిడ్నీ జబ్బులేమీ లేకపోతే పగటి పూట నీళ్లు, మజ్జిగ కొద్దికొద్దిగా పెంచండి.

రెండవది థైరాయిడ్ మాత్ర. దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట దాకా ఏమీ తినకుండా ఉండాలి. రాగుల్లో పీచుతో పాటు క్యాల్షియం కూడా చాలా ఎక్కువ, ఈ రెండూ ఆ మాత్ర ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. థైరాయిడ్ హార్మోను తక్కువైతే పేగు కదలిక మందగిస్తుంది, అంటే మలబద్ధకం కోసం పెంచిన పీచు వల్ల థైరాయిడ్ మందు పనిచేయక ఆ మలబద్ధకమే పెరిగి ఉండవచ్చు. జావను అమ్మగారికి సాయంత్రానికి మార్చి, ఉదయం ఇడ్లీ పెట్టండి. క్యాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, ఇసబ్‌గోల్‌కు కూడా అంతే ఎడం పాటించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తే మందు మోతాదు సరిపోతోందో లేదో తెలుస్తుంది.

మూడవది వోగ్లిబోస్. అది పిండి పదార్థాలు చిన్నపేగులో వేగంగా అరగకుండా ఆపుతుంది, అరగకుండా మిగిలినవి పెద్దపేగుకు చేరి పులుస్తాయి. దానికి మొలకలు, చిరుధాన్యాలు తోడైతే గ్యాస్ రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. ఆహారం మారిన సంగతి ఆమె డాక్టరుకు చెప్పి, చక్కెర స్థాయిలు చూపించి, మాత్ర మార్చాలో మోతాదు తగ్గించాలో ఆయననే నిర్ణయించనివ్వండి. క్యాల్షియం మాత్ర వల్ల కూడా కొందరికి మలబద్ధకం వస్తుంది, అదే సందర్భంలో ఆ ప్రస్తావన కూడా తెండి.

ఈలోగా అమ్మగారికి మధ్యాహ్నం మామూలు అన్నమే కొద్దిగా తగ్గించి పెట్టి, పక్కన మెత్తగా ఉడికిన తోటకూర పప్పు, బెండకాయ లేదా సొరకాయ కూర వడ్డించండి. రాత్రి జొన్నరొట్టె ఒక్కటి చాలు, నమలడం కష్టమైతే జొన్న సంకటి చేయవచ్చు. మూడు రోజులకొకసారి విరేచనమైనా మలం మెత్తగా, ముక్కవలసిన అవసరం లేకుండా వస్తుంటే కంగారు పడనక్కరలేదు. ఈ మార్పులు చేసిన రెండు మూడు వారాలకు కూడా తేడా కనిపించకపోతే జీర్ణకోశ వ్యాధుల నిపుణుడికి చూపించండి, వెళ్లేటప్పుడు ఆమె వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి.